అమ్మ చూపించే కుట్ల గీత

మా ఇంటికి ఎవరైనా జబ్బు చేసిన చంటిపిల్లతో వస్తే నేను చొక్కా పై గుండీలు విప్పాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న పని ఇది. గొంతు కింద మొదలై పొట్ట పైదాకా తిన్నగా దిగే గీత ఒకటి నా ఛాతీ మీద ఉంది. పసితనంలో గుండె ఆపరేషన్ జరిగిన గుర్తు. నల్గొండ వైపు మా ఊళ్లోగానీ, ఇక్కడ ఎల్బీనగర్‌లో తెలిసినవాళ్లలోగానీ ఎవరి బిడ్డకైనా గుండెలో రంధ్రం ఉందంటే, డాక్టరు తర్వాత వాళ్లు వచ్చేది మా అమ్మ దగ్గరికే. అమ్మ టీ పెట్టి, నన్ను పిలిచి, "సూడుండ్రి" అంటుంది. బస్సు డ్రైవరైన నాన్న అదే సమయానికి డ్యూటీ దిగి వస్తే, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "షోరూం తెరిశినవా?" అని అమ్మను ఆటపట్టిస్తాడు.

ఆ గీత చూసి ధైర్యం తెచ్చుకుని పిల్లల్ని ఆపరేషన్‌కు తీసుకెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే చిన్నప్పుడు సిగ్గుపడినా, పెద్దయ్యాక విసుక్కున్నా, గుండీలు మాత్రం విప్పుతూనే వచ్చాను.

పుట్టినప్పుడు నా గుండెలో ప్రధానంగా రెండు తేడాలు. ఒకటి, కింది గదుల మధ్య రంధ్రం. రెండు, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు. ఏడిస్తే పెదవులు నీలంగా మారేవట. డాక్టర్లు రంధ్రానికి అతుకు వేసి, ఇరుకు దారిని కోసి వెడల్పు చేశారు. అలా వెడల్పు చేసినప్పుడు ఆ దారిలో ఉండే కవాటం ఇక సరిగ్గా మూసుకోదు. అది తెలిసే చేస్తారు, ముందు బిడ్డ బతకాలి కాబట్టి. తర్వాత ఏడాదికోసారి తెచ్చి చూపించమన్నారు. కొన్నేళ్లు అమ్మానాన్నలు తీసుకెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ "బాగున్నాడు, వచ్చే ఏడు రండి" అన్న మాటే వినిపించేసరికి, బాగున్నవాడికి దవాఖాన ఎందుకని నాన్న, ఊరికే పోతే కీడు వెంటబెట్టుకొచ్చినట్టని అమ్మ, మానేశారు. అప్పటి నుంచి ఆ ఆపరేషన్ గురించి మా ఇంట్లో వినిపించేది ఒక్కటే. అయిపోయింది.

నేను పంపుల కంపెనీలో పరీక్షల విభాగంలో పనిచేస్తాను. రిపేరు చేసిన పంపు ఎంత బాగా నడిచినా, మళ్లీ ఎప్పుడు తెచ్చి చూపించాలో చీటీ అంటించాకే గేటు దాటిస్తాం.

ఈ వేసవిలో ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ దగ్గర గుంపు ఉందని మెట్లెక్కాను. సగంలో ఊపిరి అందలేదు. రెయిలింగ్ పట్టుకుని నిలబడితే గుండె రెండు దెబ్బలు కొట్టి, ఒకటి వదిలేసి, మళ్లీ గబగబా కొట్టుకుంది. మర్నాడు లిఫ్టులో వెళ్లాను. ఆ మర్నాడు కావాలనే మళ్లీ మెట్లెక్కి చూశాను. అదే చోట ఆగాల్సి వచ్చింది.

ఒక్కణ్ణే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమె స్కానింగ్ తెర నా వైపు తిప్పి చూపించింది. కవాటంలోంచి రక్తం వెనక్కి కారుతోంది. ఆ భారానికి కుడి వైపు కింది గది సాగిపోయింది. కొత్త కవాటం పెట్టాలి. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి పెట్టగలిగితే సరే. దారి మరీ వెడల్పుగా ఉండి కవాటం అందులో నిలవదనుకుంటే ఛాతీ మళ్లీ తెరవాలి. ఇంకో స్కాన్ తీసి కొలిస్తేగానీ చెప్పలేమంది. చివర్లో, "ఇన్నేళ్లూ ఎక్కడున్నారు?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు.

ఇంట్లో చెప్పలేదు. కొలతలు చేతికొచ్చాక, ఏ పద్ధతో తేలాక, ఒకేసారి చెబుదామనుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం మా ఊరతను భార్యాబిడ్డలతో వచ్చాడు. మూసారాంబాగ్‌లో కిరాయికి ఉంటూ కార్ల ఏసీలు బాగుచేస్తాడు. చర్చిలో ప్రార్థన ముగించుకుని నేరుగా వచ్చినట్టున్నారు. అతను అమ్మను అక్కా అంటాడు కాబట్టి నాకు మామ. నాకంటే చిన్నదైన అతని భార్య నాకు అత్తమ్మ. ఆమె ఒళ్లో నెలల పాప.

"వందనాలు అక్కా."

"రా తమ్మీ. ఏంది, పిల్ల గింత సన్నగుంది?"

కొత్త మొహం చూసి పాప ఏడుపు అందుకుంది. చూస్తుండగానే పెదవుల రంగు మారింది. అత్తమ్మ కంగారు పడకుండా పాప మోకాళ్లను పొట్టకు ఆనించి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి రంగు తిరిగొచ్చింది. "డాక్టరమ్మ గిట్ల పట్టుకొమ్మని నేర్పింది వదినె," అంది.

పాపది నా జబ్బే. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు, ఆలస్యం వద్దన్నారు. మామే ఒప్పుకోవడం లేదు.

"మా దుకాణం పక్కాయన పోరనికి గుండెల బొక్క ఉండె అక్కా. తొడకెళ్లి తీగ పంపి బిళ్ల పెట్టిండ్రు. కోసుడు లేదు, ఏం లేదు. మూడో దినం ఇంట్ల ఉరుకుతుండు. మా పిల్లకు గూడ గట్ల చేసే దవాఖాన దొరికేదాక ఆగుదామంటున్న."

"పిల్ల గుండె గూడ కారు ఏసీ అనుకుంటుండు," అంది అత్తమ్మ. "ఏ దుకాణంల తక్కువ కోస్తరో అడుగుతుండు."

"నువ్వు డాక్టరువా?"

"నువ్వయినవా మరి?"

అమ్మ నా వైపు తిరిగింది. "విప్పు బిడ్డా."

విప్పాను.

"సూడు తమ్మీ. నిలువున కోసిండ్రు. ఏమాయె? ఇంజినీరింగు సదివిండు, నౌకరి చేస్తుండు, ఇద్దరి బిర్యానీ ఒక్కడే తింటడు. ఒక్కపారితోని అయిపోయింది. మళ్ల దవాఖాన మొకం సూడలే," అని అమ్మ టీ తేవడానికి వంటింట్లోకి వెళ్లింది.

మామ లేచి దగ్గరికొచ్చాడు. గీతను పైనుంచి కిందిదాకా చూశాడు. "నిజమేనా అల్లుడూ? మా పిల్లను గూడ ఒక్కపారి కోస్తే మళ్ల కోసేదుండదు గద?"

అవునంటే అప్పుడే ఒప్పుకునేవాడు. ఆపరేషన్ అయ్యాక కొన్నేళ్లు తిరిగి, మా నాన్నలాగే మానేసేవాడు. కాదంటే పాపను ఎత్తుకుని, తీగ వేసే దవాఖాన వెతుక్కుంటూ పోయేవాడు. పాపకు అంత గడువు లేదు.

"మామా, ఆ పోరనిది వట్టి బొక్క. బిళ్లతోని మూసిండ్రు," అన్నాను. "పాపకు బొక్కతోపాటు దారి గూడ ఇరుకు. అది బిళ్లతోని అయ్యే పని గాదు. కొయ్యాల్సిందే, ఆగొద్దు. గని అయిపోయిందని మాత్రం ఎన్నడూ అనుకోవద్దు. ఏటా చూపియ్యాలె. నాకు మళ్ల చెయ్యాలంటున్నరు. పోయిన వారం దవాఖానకు పోయొచ్చిన."

వంటింటి గుమ్మంలో అమ్మ టీ పళ్లెంతో ఆగిపోయింది.

"సూశినవా, నేను చెప్పలే? మళ్ల కోస్తరంట!" మామ సంచి భుజానికి తగిలించుకున్నాడు. "నడువు."

అత్తమ్మ కదలలేదు. "అల్లుడూ, నీకిప్పుడెన్నేండ్లు?"

"ఇరవై ఆరు."

ఆమె పాపను చూసి, నన్ను చూసింది. "గంత పెద్దగైతదా ఇది?"

"చానామంది అయితున్నరు అత్తమ్మా. తప్పకుంట అయితదని ఎవ్వరూ రాసియ్యరు. ఆపరేషన్ లేకుంటే మాత్రం కష్టం."

"సంచి కింద పెట్టు," అంది భర్తతో. "ఇరవై ఆరేండ్లకు మళ్ల కోస్తమంటే కొయ్యనీ. తీగ కావాల్నా, కోసుడు కావాల్నా అని అప్పుడు దాన్నే అడుగుదువు."

మామ సంచి దించి, డాక్టర్లను ఏమేమి అడగాలో చెప్పమన్నాడు. చెప్పాను. ఇచ్చిన తేదీకే తీసుకెళ్తామని అత్తమ్మ అంటే కాదనలేదు.

వాళ్లు వెళ్లాక అమ్మ చల్లారిన టీ గిన్నెలో పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టింది. నా వైపు చూడకుండా అడిగింది. "పోయిన వారం ఏ దినం?"

"బేస్తారం."

"ఆ దినం పప్పుచారు చేసిన. రెండుమార్లు పోయించుకున్నవ్. కడుపుల గీ మాట పెట్టుకొని ఎట్ల తిన్నవ్ రా?"

స్కాన్ అయ్యాక చెబుదామనుకున్నానని, తొడ దగ్గరినుంచే కుదరొచ్చని చెప్పాను. అది ఆమె విన్నట్టు లేదు. టీ పొంగి పొయ్యి మీద పడింది. పొయ్యి ఆపేసి అక్కడే గోడకానుకుని కూర్చుంది.

"గిందరికి చెప్పిన గద బిడ్డా, ఒక్కపారితోని అయిపోతదని," అంది. "అందరికి నిన్నే సూపెట్టి చెప్పిన."

ఫోను తెమ్మంది. మొదట కర్మన్‌ఘాట్‌లో ఉండే ఒకామెకు చేయించింది. ఆమె కొడుకు పాలు తాగే వయసులో ఉండగా మా ఇంటికొచ్చారు. ఇప్పుడు పదో తరగతి. స్పీకర్‌లో పెట్టాను.

"పిలగాన్ని ఏటేటా సూపిస్తున్నరా, చెల్లె?" అని అమ్మ అడిగింది.

"ఎందుకక్కా? బంగారమసొంటిగున్నడు. అచ్చం మీ కొడుకు లెక్కనే."

అమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

"అందుకే చెప్తున్న," అంది. "రేపే తీస్కపోండ్రి."