నా వెనక వచ్చిన జీపు

సైకిళ్ల రైడ్‌లో అందరికంటే చివరి మనిషి వెనక రావలసిన జీపు నా వెనక వచ్చింది. నా వెనక ఇంకా నలుగురు మగవాళ్లు ఉన్నారు. నా కోపం అక్కడ మొదలైంది. ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు.

నాకు యాభై దాటాయి. కరీంనగర్‌లో అద్దె ఇంట్లో ఉంటూ ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. చొప్పదండి వైపు మా ఊళ్లో మాకు గడి, దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. దాని గోడలు ఇప్పుడు నడుం ఎత్తున మిగిలాయి, లోపల తుమ్మచెట్లు మొలిచాయి. భూములు పోయాయి. దానికి ఎవరైనా జాలిపడితే నాకు నచ్చదు, సంతోషిస్తే నేను పట్టించుకోను. మా నానమ్మ పుట్టింటికి పోయినా తెర కట్టిన ఎడ్లబండిలోనే పోయేది. వాగు దాటుతున్నామని చక్రాల చప్పుడును బట్టి తెలుసుకునేదట. చిన్నప్పుడు ఆ మాట విని అందరూ మురిసిపోయేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది. అన్నేళ్లు అదే దారిన పోయి ఆ వాగును ఒక్కసారి చూడలేదా ఆ మనిషి?

నేను సైకిల్ కొన్నది ఆ మంటతోనే అనుకుంటాను. లావు టైర్లు, వంగిన హ్యాండిల్ ఉండే సైకిల్. తారు రోడ్డుకు కాదు, మొరం బాటలకు, అడవి దారులకు చేసింది. పొద్దున్నే కాలువ గట్ల మీద తొక్కేదాన్ని. ఆదివారాలు పొలాల మధ్య బండ్ల బాట పట్టి పెద్దపల్లి దాకా పోయి వచ్చేదాన్ని. వడ్లు ఆరబోసినవాళ్లు చేతులు ఆపి చూసేవాళ్లు. చూడనీ అని తొక్కేదాన్ని.

పోయిన చలికాలం ఉట్నూర్ అడవిలో సైకిళ్ల రైడ్ పెట్టారు. పెట్టింది పాతికేళ్ల కుర్రాళ్లు. ఒక గూడెం దగ్గర మొదలు, వాగు దాటి, గుట్ట ఎక్కి దిగి, ఉట్నూర్ బయట మైదానంలో ముగింపు. నియమం ఒక్కటే. తొక్కుతారో, దిగి తోసుకొస్తారో మీ ఇష్టం, జీపు ఎక్కితే మాత్రం పూర్తి చేసినట్టు కాదు. పూర్తి చేసినవాళ్ల పేర్లు చివర మైకులో చదువుతారు. ఆ పేర్లలో నా పేరు ఉండాలి. నాకు కావలసింది అంతే.

బయలుదేరే ముందు ఆ కుర్రాళ్లలో పెద్దవాడు నా దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, మీరేం టెన్షన్ పడకుండ్రి. గుట్ట కాడ మనకు జీపు ఉంటది."

"జీపు అందరికా, నాకేనా?"

"అందరికీ ఆంటీ. మీకైతే స్పెషల్."

పక్కన ఒకే రంగు బనియన్లు వేసుకున్న నలుగురు హైదరాబాద్ వాళ్లు నిలబడి ఉన్నారు. ఇద్దరికి పొట్టలు హ్యాండిల్‌కు తగులుతున్నాయి. వాళ్లతో జీపు మాట ఎవరూ ఎత్తలేదు.

జీపు నడిపే మనిషి మా ఊరివాడే అని అప్పుడే చూశాను. నాకంటే పదేళ్లు పెద్ద. ఎప్పుడో ఊరు విడిచి ఉట్నూర్‌లో జీపు పెట్టుకున్నాడు.

"దొరసాని! మీరేనా? సైకిల్ మీదనా! ఏం జమానా వచ్చె!" అని పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"జమానా సంగతి నీకెందుకు, నీ బండి చూసుకో," అన్నాను.

టేకు చెట్ల కింద బాట బాగానే సాగింది. ఎండుటాకులు చక్రాల కింద అప్పడాల్లా పగులుతున్నాయి. వాగులో నీళ్లు మోకాళ్ల కిందికే ఉన్నాయి. నేను సైకిల్ భుజానికెత్తుకుని దాటాను. ఆ నలుగురు నీళ్ల మధ్య నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్లను దాటి ముందుకు పోయాను.

గుట్ట మొదట్లో వెనక నుంచి జీపు చప్పుడు వినిపించింది. ఆ నలుగురిని వాగు దగ్గరే వదిలేసి అతను నా వెనక చేరాడు. నా వేగానికి తగ్గట్టు ఇంజను మూలుగుతోంది. పొగ నా ముక్కులోకి వస్తోంది. రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆగాను.

"నలుగురు ఎనక ఉన్నరు. నా ఎనక ఎందుకు వస్తున్నవ్?"

"మీ ఎనకనే ఉండుమన్నరు దొరసాని. గీడ ఎక్కించుకొని గుట్ట మీద దింపుమన్నరు. రాండ్రి, కూసోండ్రి. మీ ఇంట్ల ఆడోళ్లు ఎన్నడన్న కాలు కింద వెట్టిండ్రా? గీ తిప్పలు మీకెందుకు?"

అక్కడ ఆంటీ, ఇక్కడ దొరసాని. రెండూ నన్ను ఆ సీట్లోకే తోస్తున్నాయి.

"నోరు మూసుకొని జీపు ఎనకకు తిప్పు. పో!"

ఆ గొంతు మా తాతది అని మా ఊళ్లో ఎవరైనా చెబుతారు. కాదనను. ఆ క్షణాన వేరే గొంతు నా దగ్గర లేదు. అతని నవ్వు ఆరిపోయింది. జీపు తిప్పుకుని వాగు వైపు పోయాడు.

తర్వాత గుట్ట ఎక్కాను. అన్నిటికంటే చిన్న గేరు వేసినా మొరం మీద వెనక చక్రం జారుతూనే ఉంది. రెండు మలుపుల్లో దిగి తోశాను, మిగతాదంతా తొక్కాను. ఊపిరి ఈల వేసింది. పైన గాలి తగిలినప్పుడు ఎవరైనా ఉంటే బాగుండుననిపించలేదు. బాగుందనిపించింది, అంతే.

మైదానానికి చేరేసరికి ఆ పెద్ద కుర్రాడు ఎదురొచ్చి చప్పట్లు కొట్టాడు.

"సూపర్ ఆంటీ! అన్న గుట్ట మీద దింపిండా? ఆడికెల్లి తొక్కినా గ్రేటే."

"నేను జీపు ఎక్కలే."

"ఓకే ఆంటీ, ఓకే ఓకే," అన్నాడు. పాలు తాగానని అబద్ధమాడే పిల్లలతో మాట్లాడినట్టు.

చాలాసేపటికి ఆ నలుగురూ సైకిళ్ల మీద వచ్చారు. ఈలలు, కౌగిలింతలు. మెడల్స్ వేశారు. వాళ్ల వెనక జీపు వచ్చి ఆగింది. మైకులో పేర్లు చదివారు. నలుగురివీ చదివారు. చివర "జీపు సపోర్టుతో మన ఆంటీ కూడా" అని, నాకు ఒక నీళ్ల సీసా బహుమతి అన్నారు. నేను సీసా తీసుకోలేదు.

"నేను ఎక్కలేదని చెప్పిన కదా."

కుర్రాడు ఇబ్బందిగా నవ్వి, జీపుకు ఆనుకుని పల్లీలు తింటున్న అతన్ని పిలిచాడు. "అన్నా, ఆంటీ ఎక్కిందా, ఎక్కలేదా?"

"నన్నెందుకు అడుగుతరు సార్? దొరసాని నోరు మూసుకొమ్మన్నది. మూసుకున్న."

అందరూ గొల్లుమన్నారు. ఆ నలుగురు ఒకరి మీద ఒకరు పడి మరీ నవ్వారు. ఒకడు "ఆంటీ రాక్స్" అని అరిచాడు.

నేను జీపు దగ్గరికి నడిచాను. "చెప్పు," అన్నాను.

అతను ఒక పల్లీ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "హుకుమా దొరసాని, అడుగుడా?"

నవ్వులు ఆగాయి. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. ఆ గుట్ట ఎక్కడం దీనికంటే తేలిక. సొంత చెమటకు సాక్ష్యం కోసం చేయి చాచడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆ నలుగురిని సాక్ష్యం ఎవడడిగాడు?

"అడుగుతున్న," అన్నాను.

అతను చేతులు దులుపుకున్నాడు.

"ఎక్కలే. నా జీపు తలుపు గూడ ముట్టలే." ఆ నలుగురి వైపు గడ్డం ఎత్తాడు. "ఎక్కింది వీళ్లు. నేను వాగు కాడికి వాపస్ పోతె, అన్నా కాళ్లు గుంజుతున్నయ్, అన్నా జర ఎక్కించుకో అన్నరు. దొరసాని గుట్ట దాటేదాక కింద ఆగుమన్నరు, కనవడొద్దని. సైకిళ్లు జీపు మీద ఏసుకొని వచ్చి గా చివరి మలుపుల దిగిండ్రు. ఎవ్వలికి చెప్పకు అన్నా, అన్నరు. చెప్పకపోదును. గింతగనం నవ్వకపోతే."

నలుగురిలో ఒకడు "ఇది ఫన్ రైడ్ కదా" అని గొణిగాడు. కుర్రాడు మైకును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత పూర్తి చేసినవాళ్లలో నా పేరు చదివాడు. బాగానే చదివాడు.

"అయిపోయింది ఆంటీ, మీ పేరు వచ్చింది. మూడ్ ఖరాబ్ చేసుకోకుండ్రి. రాండ్రి, గ్రూప్ ఫోటో."

"వాళ్ల మెడల్స్?"

"పోనీయండి ఆంటీ. పాపం, అంత దూరంకెల్లి వచ్చిండ్రు."

పాపం! నన్ను నమ్మడానికి ఒక మగవాడు నోరు విప్పాల్సి వచ్చింది. వాళ్ల అబద్ధం బయటపడినా దానికి జాలి దొరికింది. ఆ నలుగురి పక్కన చదివిన పేరు నాకెందుకు?

ఫోటో కోసం కట్టిన బ్యానర్ ముందుకు పోయి నిలబడ్డాను. ఎవరూ ఫోటో తీసుకోవడానికి వీల్లేకుండా సరిగ్గా మధ్యలో నిలబడ్డాను.

"వాళ్ల మెడల్స్ తీసేదాక నేను గిక్కడికెల్లి కదల."

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నలుగురూ షూ లేసులు సర్దుకున్నారు. పందిరి కింద పోసి పెట్టిన చాయ్ చల్లారిపోయింది. ఎవరూ ఏమీ తీయలేదు, నేనూ కదలలేదు.

జీపతను పందిరి కింది నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కొచ్చి నా పక్కన వేశాడు.

"కూసోండ్రి. టైం వడ్తది."

"అవసరం లేదు. నిలబడగలను."

"సరె," అని అతనే ఆ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పల్లీల పొట్లం నా వైపు చాపాడు.