లారీల మీద రాసిన ఉత్తరం

బేతంచెర్లలో మాకు కిరాణా కొట్టు ఉండేది. దాని ముందు నుంచే బండల లారీలు పోయేవి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక పొద్దున, బడికి పోతున్న ఎదురింటి పిల్లను లారీ తొక్కేసింది. ప్రాణం దక్కింది గానీ ఒక కాలు తీసేశారు.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. హారన్ వినిపిస్తే చాలు, పొయ్యి మీద కూర వదిలేసి వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. చివరికి పత్రికా సంపాదకుడికి ఉత్తరం రాశాను. డ్రైవర్లను నిద్ర పోనివ్వకుండా తిప్పుతున్నది బండల పాలిష్ ఫ్యాక్టరీల యజమానులేననీ, బడి వేళల్లో లారీలు ఆపాలనీ రాశాను. మా ఆయనకు చెప్పలేదు. మా బేరమంతా ఆ ఫ్యాక్టరీల వాళ్లతోనే.

రోజూ ఆయన కంటే ముందే లేచి పేపరు లాక్కునేదాన్ని. ఒకరోజు కనబడింది. 'లారీ డ్రైవర్ల ఆగడాలు అరికట్టాలి' అని పైన పెద్ద అక్షరాలు. యజమానుల మాటే లేదు, కత్తిరించేశారు. కింద మాత్రం నా పేరు.

సాయంత్రం మా వెనక వీధి లారీ డ్రైవరు కొట్టుకొచ్చాడు. ఆ పిల్లను తొక్కింది అతను కాదు.

"ఏమక్కా, మేం కావాలని తొక్కినట్ల రాసినావే? కండ్లు మూసి రెండు దినాలాయ. బండి ఆపితే రేపట్నుంచి పనిలోకి రావద్దంటారు."

"నేను రాసింది అది కాదప్పా" అని, రాసిందంతా చెప్పాను.

అతను ఇంకాస్త దగ్గరికొచ్చాడు. "అయితే మళ్లా రాయి. కింద నా పేరు గూడా ఎయ్యి."

కాటా దగ్గరున్న మా ఆయన అప్పుడే తలెత్తాడు. "ఇంగ మన కొట్టుకు ఎవురన్నా వస్తారా?" అన్నాడు. కోపంగా కాదు, భయంగా.

రాత్రంతా దొర్లి, తెల్లారగానే మళ్లీ రాశాను. ఆ డ్రైవరూ నేనూ సంతకాలు పెట్టాం. మళ్లీ కత్తిరిస్తారేమోనని పోస్టులో వేయబుద్ధి కాక బస్సెక్కి కర్నూలు పోయి, పత్రికాఫీసులో ఇచ్చి వచ్చాను. ఈసారి ఒక్క ముక్క తీయకుండా వేశారు.

ఆ ఉత్తరం పడ్డాక బడి వేళకు లారీలు ఆగాయి. ఎదురింటి పిల్ల కర్రల సాయంతో మళ్లీ బడికి పోసాగింది. డ్రైవరును మాత్రం పనిలోంచి తీసేశారు. కోయిలకుంట్ల పక్క ట్రాక్టరు తోలుతున్నాడని అతని భార్య చెప్పింది. పొద్దున రోడ్డు నిమ్మళంగా ఉన్నా నేను వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉండేదాన్ని.