ఒంటి తుమ్ము

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. (ఇప్పుడు రోజుకొకటి చొప్పున బయటపడుతున్నాయి.) తాడేపల్లిగూడెంలో డిగ్రీ ముగించి, ఏలూరు విపత్తుల ఆఫీసులో మూడు రోజుల శిక్షణ పొంది, మెడలో ఈల, చంకలో బొమ్మల చార్టులతో, వరదొస్తే ప్రాణాలెలా కాపాడుకోవాలో కొల్లేటి జనానికి నేర్పడానికి బయల్దేరాను. పుట్టి బుద్ధెరిగి మోకాలిలోతు నీళ్ళలో దిగినదాన్ని కాదు. నీళ్ళ మధ్యే పుట్టి పెరిగినవాళ్ళకి నేను నీళ్ళ గురించి చెప్పడమన్నమాట! అయినా వాళ్ళు మహా మర్యాదస్తులు. "అలాగేనండీ, తప్పకుండానండీ" అంటూ శ్రద్ధగా వినేవారు. వెనకాల మాత్రం 'ఈల మేడం' అని పేరు పెట్టారు.

కైకలూరు దాటి, చేపల చెరువు గట్ల మీద ఆటోలో ఒళ్ళు హూనం చేసుకుంటే వచ్చే ఒక లంక ఊరు నా వంతుకొచ్చింది. నేను నేర్పాల్సింది పెద్ద విద్యేమీ కాదు. ప్రతి ఇంట్లో ఆధార్ కార్డులు, మందులు, టార్చిలైటు, ఒక జత బట్టలు సంచిలో సర్ది ఉంచాలి. ఈల వినగానే పొయ్యి ఆర్పి, కరెంటు ఆపి, సంచి తీసుకుని, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ముందు పెట్టుకుని స్కూలు మేడెక్కాలి. నాకప్పగించిన వీధిలో చుట్ట మామ్మగారి మాటకు తిరుగులేదు. (నోట్లో చుట్ట ఉండగానే అంత స్పష్టంగా మాట్లాడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.) ఆవిడ సంచి విప్పితే ఆవకాయ సీసా బయటపడింది. ఇదెందుకండీ అంటే, "మేడ మీద ఉత్త అన్నం పొట్లాలిత్తారు గదండీ, నంచుకోడానికేదోటి ఉండొద్దా?" అంది. సీసా మూత బిగించి మళ్ళీ సంచిలో పెట్టాను.

ఇదంతా ఒకసారి చేసి చూపించే డ్రిల్లు చూడటానికి మా ఆఫీసు సారు ఏలూరు నుంచి కారులో వచ్చారు. బాగా జరిగితే నా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగిస్తారు, లేకపోతే ఇంటికే. గుండె నిండా గాలి పీల్చి ఈల ఊదాను. వీధి వీధంతా సంచులతో గుమ్మాల్లోకి వచ్చేసింది. సరిగ్గా అప్పుడు, పక్కన ఎండబెట్టిన చేపల ఘాటుకి కాబోలు, మా సారు తుమ్మారు. ఒక్కటంటే ఒక్క తుమ్ము. అందరూ మామ్మగారి వైపు చూశారు. ఆవిడ వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది, ఆవిడతో పాటు అందరూ ఎవరింట్లోకి వాళ్ళు. వీధిలో నేనూ, సారూ, ఒక కోడీ మిగిలాం.

"వీళ్ళంతా లోపలికెందుకు వెళ్ళారమ్మా?"

"కూర్చుని మంచినీళ్ళు తాగడానికండి."

"ఇప్పుడు తాగడమేమిటి?"

"తమరు తుమ్మారండి."

ఇంకొక్కటి తుమ్మినా బాగుండేది, జంట తుమ్ముకి దోషం లేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. "వచ్చే నెల మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే నువ్వు వేరే ఉద్యోగం చూసుకో" అని సారు కారెక్కారు. తుమ్మితే ఊడే ముక్కు అంటారే, అది నా ఉద్యోగమేనని ఆ రోజు తెలిసింది.

ఏడుపూ కోపమూ కలిసొచ్చి మామ్మగారింటి మీదికి వెళ్ళాను. "తుమ్ముకీ వరదకీ ఏం సంబంధమండీ? ఈ కాలంలో కూడా ఇవేం నమ్మకాలండీ?" అని అరిచాను. ఆవిడ చుట్ట ఆర్పి పక్కన పెట్టింది.

"మా ఆయన చేపలకని దోనెక్కేప్పుడు నేను తుమ్మేనమ్మా. ఆగండి, కూకుని గుక్కెడు నీళ్ళు తాగెళ్ళండి అన్నాను. నవ్వేసి ఎళ్ళిపోయేరు. మద్దేన్నం గాలివానొచ్చింది. దోనొక్కటే దొరికింది."

నా చార్టుల్లో దీనికి బొమ్మ లేదు. ఉద్యోగం సంగతి మరిచిపోయాను. నిజంగా వరదొచ్చిన రోజున ఈవిడా, ఈవిణ్ణి చూసి ఈ వీధీ, మంచినీళ్ళు తాగుతూ ఇళ్ళలో కూర్చుంటారేమోనని భయమేసింది.

"మామ్మగారండీ, ఆ నీళ్ళు ఇంట్లోనే తాగాలని ఎక్కడుందండీ? సీసాలో పోసి సంచిలో పెట్టుకెళ్ళి మేడ మీద కూర్చుని తాగినా చెల్లుతుంది."

"చెల్లుద్దంటారా?"

"మా ఆఫీసు పుస్తకంలో రాసుందండీ" అని కళ్ళార్పకుండా అబద్ధమాడాను.

ఆవిడ ఆరిన చుట్ట మళ్ళీ వెలిగించుకుంది. "గవర్నమెంటోళ్ళు రాశారంటే చూసే రాసుంటార్లెండి" అంది.

మరుసటి నెల సారు వచ్చారు. ఈల ఊదీ ఊదగానే ఈసారి తుమ్మింది నేనే, అదీ ఒక్కటే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గుమ్మాల్లో అందరూ ఆగిపోయారు. మామ్మగారు సంచిలోని నీళ్ళ సీసా తడిమి చూసుకుని, "నడవండర్రా, మేడ మీద తాగుదాం!" అని కదిలింది. మేడ నిండిపోయింది. అందరూ వరుసగా కూర్చుని ఒక్కసారే సీసాలెత్తారు. సారు ముచ్చటపడి, 'తాగునీటి ఏర్పాట్లు ప్రశంసనీయం' అని రాసుకున్నారు.

ఆ వానాకాలం గట్టు తెగి, నీళ్ళు నిజంగానే ఊళ్ళోకొచ్చాయి. నేను వెళ్ళేసరికి మామ్మగారితో సహా వీధంతా మేడ మీద ఉంది. ఒక్క ప్రాణం పోలేదు. ఎవరైనా తుమ్మారాండీ అని ఆవిడని అడిగాను.

"ఆ గోలలో ఎవరికి తెల్సమ్మా? ఎందుకైనా మంచిదని తాగేసేం" అంది. తర్వాత నీళ్ళవైపు చూస్తూ, "ఈ ముక్క అప్పుడే ఎవరన్నా చెప్పుంటే, మంచినీళ్ళ చెంబు ఆయన దోనెలోనే పెట్టేద్దును గదమ్మా" అంది.

ఆయన పోయింది మీ తుమ్ము వల్ల కాదండీ, గాలివాన వల్ల అని చెప్పాల్సింది. అన్నీ తెలిసిన ఈల మేడానికి ఆ మాట తోచలేదు. మామ్మగారి చెయ్యి పట్టుకుని అలా కూర్చుండిపోయింది. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకి నేనే శిక్షణ ఇస్తున్నాను. ఆ రోజు ఆవిడతో ఏమనాల్సిందో ఇన్నేళ్ళలో ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాను. ఆనాటి ఈల మేడం ఏమీ తోచక ఊరుకున్నదానికంటే వాటిలో ఒక్కటీ బాగా లేదు.