అమ్మా అన్నందుకు

పోయిన వారం మా వీధి చివరి ఇంటావిడ కాగితాల కట్ట పట్టుకుని వచ్చింది. ఆవిడ కూతురు సింగపూర్‌లో స్థిరపడి, తల్లిని కూడా శాశ్వతంగా అక్కడే ఉంచుకోవాలని దరఖాస్తు పెట్టిందట. రంగూనులో మా బోటాటౌంగ్ పేటలోని తెలుగువాళ్ళకు బర్మా లెక్కలో ఉన్న పుట్టిన ఏడు ఇంగ్లీషు లెక్కలో ఎంతో తేలకపోతే నా దగ్గరికి రావడం మామూలే. సంవత్సరాలు సరిచూసి ఇచ్చాను గాని, ఆవిడ మాత్రం సంతకం పెట్టవలసిన చోట ఆధారపడిన వ్యక్తి అని ఉన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"ఏటొదినా ఇది, నాను కన్న గుంట మీద నాను ఆధారపడ్డానని రాసియ్యాలా?" అంది.

ఆవిడ వెళ్ళాక చాలాసేపు మా నాన్న గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఈ దేశంలో ఉండిపోవడానికి ఆయనకు మిగిలిన ఒకే ఒక ఆధారం నేను.

నాన్న పసితనంలో శ్రీకాకుళం వైపు నుంచి తన మేనమామ వెంట ఓడెక్కి రంగూను వచ్చాడు. అమ్మ ఇక్కడే పుట్టింది. ఆమె తాతలు ఓడరేవులో బస్తాలు మోసినవాళ్ళు కనుక ఆమెకు ఇక్కడి పౌరసత్వపు కార్డు ఉండేది, ఆమెను బట్టి నాకూ వచ్చింది. నాన్నది మాత్రం విదేశీయుల కార్డు. ఏటేటా వెళ్ళి ముద్ర వేయించుకోవాలి, ఆ ముద్ర పడేదాకా ఆయనకు అన్నం సరిగ్గా సయించేది కాదు. అప్పట్లో దేశం తలుపులన్నీ మూసుకుని కూర్చుంది, ఆ రోజులు చూసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఇండియా నుంచి ఉత్తరం వచ్చేలోగా అందులో పుట్టాడని రాసిన పిల్లవాడు నడక నేర్చేసేవాడు. కొన్నాళ్ళకు ఆ ఉత్తరాలూ ఆగిపోయాయి. మేనమామ పోయాక నాన్నకు ఆ ఊరి దారి చెప్పేవాళ్ళు కూడా లేకపోయారు.

నేను పదో తరగతి పరీక్ష రాసిన ఏడు, అమ్మ పోయిన మరుసటి ఏడు, ఊరంతా సైనిక ప్రభుత్వం మీద తిరగబడి వీధుల్లోకి వచ్చింది. మా వీధి మొదట్లో వెదురు దడి కట్టి మగవాళ్ళు వంతులు వేసుకుని కాపలా కాసేవారు. నాన్న కూడా వెళ్ళి, వాళ్ళందరికీ టీ కాచి పోసి వచ్చేవాడు. తర్వాత కాల్పులు, ఆ తర్వాత నిశ్శబ్దం. కాలేజీలు ఏళ్ళ తరబడి తెరవలేదు, నాకు వచ్చిన లెక్కలన్నీ ఆ ఖాళీలో ఒక బియ్యం కొట్లో కూర్చుని నాకు నేను నేర్చుకున్నవే. ఆఫీసులు మాత్రం కొన్ని నెలలకు తెరుచుకున్నాయి, కాని అప్పటికి నాన్న కార్డు గడువు దాటిపోయింది. భార్య ఉంటే ఒక దారి, ఆమె లేదు గనుక, ఈ దేశపు కార్డు ఉన్న బిడ్డ, తండ్రి బాధ్యత నాదేనని సంతకం పెడితే ఇక ఏటేటా తిరిగే పని లేకుండా ఉండనిస్తారని, లేదంటే పంపేస్తారని ఆఫీసులో చెప్పారు. పంపడమంటే ఎక్కడికో నాన్నకు తెలియదు, నాకు అసలే తెలియదు.

మమ్మల్నిద్దరినీ విచారణకు పిలిచారు. అప్పట్లో డబ్బిచ్చి ఎవరి పిల్లలనో తెచ్చి తమ పిల్లలుగా చూపించేవాళ్ళు ఉన్నారని వాళ్ళకు అనుమానం. నాకు బడిలో పెట్టింది బర్మా పేరు, అందులో మా ఇంటిపేరూ లేదు, నాన్న పేరూ లేదు. పైగా నేను అమ్మ పోలిక. ఇన్ని తీసివేతల తర్వాత మిగిలేది ఏమిటా అని దారి పొడవునా బెంగపడుతూనే ఉన్నాను.

అధికారి నాన్న కంటే చిన్నవాడు, మర్యాదస్తుడు, నాన్నను ఊలే అని, అంటే బాబాయిగారూ అని పిలిచాడు. ఫైలు తిప్పుతున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. నాన్న అలవాటుగా నా వైపు తిరిగి, "ఇలా రా అమ్మా, ఎండ కొడతంది, ఈ పక్కన కూకో అమ్మా" అన్నాడు.

అధికారి తలెత్తాడు. బర్మాలో అమ అంటే అక్క. ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని మర్యాదగా పిలవాలన్నా అదే మాట. కన్న కూతురిని ఏ తండ్రీ అలా పిలవడు. ఈ అమ్మాయిని అక్కా అంటున్నారేమిటని అడిగాడు. నాన్న కంగారుగా, అక్క కాదు, మా భాషలో ఆ మాటకు తల్లి అని అర్థమని చెప్పాడు. గదిలో అందరూ నవ్వారు.

"అయితే ఊలే, మీరు తండ్రిగా కాదు, ఆవిడ కొడుకుగా దరఖాస్తు పెట్టుకోవలసింది" అన్నాడు అధికారి. తను మాత్రం నవ్వలేదు, ఫైలు మూసేశాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన బర్మా భాష రేవులో నేర్చుకున్నది, బరువులకూ బేరాలకూ సరిపోయేది. దానితోనే చెప్పాడు. అమ్మా అని పిలవవలసిన వయసులో ఓడెక్కేశానని, తల్లి పోయిన సంగతి ఉత్తరంలో తెలిసిందని, ఆ పిలుపు నోట్లోనే ఉండిపోయిందని, ఈ పిల్ల పుట్టాక మా అమ్మే వచ్చిందనుకుని వాడుకుంటున్నానని.

మూల టైపు చేస్తున్న పెద్దావిడ మిషను ఆపి, "ఇది వింజా" అంది. పోయిన మనిషి మళ్ళీ అదే ఇంట్లో పుట్టడాన్ని బర్మావాళ్ళు అలా అంటారు, వాళ్ళకది వింతేమీ కాదు, పోయినవాళ్ళ ఒంటి మచ్చే దానికి గుర్తంటారు. ఆవిడే లేచి వచ్చి నా జడ పక్కకు తీసి, చెవి వెనక పుట్టుమచ్చ చూసి, అధికారి వైపు తల ఊపింది. ఆయన మళ్ళీ ఫైలు తెరిచాడు. నా చేత సంతకం పెట్టించుకుని, నాన్నతో నెమ్మదిగా, ఇక మీదట ఈ పిల్లను తమీ అని పిలవండి, ఇక్కడ కూతురిని అలాగే అంటారు, వచ్చే అధికారి ఇంత సేపు వినకపోవచ్చు అన్నాడు.

బయటికి వచ్చాక, మీ అమ్మకూ అక్కడే మచ్చ ఉండేదా అని అడిగాను.

"మచ్చ సంగతి నాకేటి తెల్సు. మా యమ్మ మొకమే నాకు గుర్తు నేదు."

అంతే అన్నాడు. బస్సు మా స్టాపు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఏదో అనబోయి ఆగి, చుట్టూ చూసి, "తమీ, దిగాల" అన్నాడు.

కొన్ని నెలలకు కాగితం వచ్చింది. నాన్న ఆ తర్వాత పోయేదాకా ఏ ముద్ర కోసమూ ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు. నన్ను అమ్మా అనీ మళ్ళీ పిలవలేదు. ఇంట్లో ఎవరు వింటారు నాన్నా అని ఒకసారి అడిగితే, "నోటికి రెండలవాట్లు పెట్టకూడదు, ఎక్కడో జారతాది" అన్నాడు. ఆయన ఇక్కడ ఉండిపోయాడు, నాకు అంతకంటే కావలసింది లేదు. అయినా వంటింట్లో ఉన్నప్పుడు ముందు గదిలోంచి తమీ అని వినపడితే, పక్కింటి పిల్లనెవరినో పిలుస్తున్నాడేమోనని ఒక క్షణం ఆగేదాన్ని.

ఇప్పుడు మా వీధిలో తెలుగువాళ్ళందరూ కూతుళ్ళను తమీ అనే పిలుస్తారు, ఏ అధికారీ చెప్పకుండానే. నేనూ మా అమ్మాయిని అలాగే పిలుస్తాను. నేను తెలుగులో మాట్లాడితే తనకు అర్థమవుతుంది, జవాబు మాత్రం బర్మాలోనే ఇస్తుంది. నాకిప్పుడు వయసు మీద పడుతోంది, బజారులో కుర్రవాళ్ళు ఆంటీ అంటున్నారు. కాస్త పెద్దవాళ్ళైన కూరగాయల వాళ్ళు కొందరు మాత్రం అలవాటు మానుకోలేక ఇంకా అమా, అమా అని పిలుస్తారు. వాళ్ళ తూకంలో తేడా ఉంటుందని చూడగానే తెలిసిపోతుంది నాకు, అయినా వాళ్ళ దగ్గరే కొంటాను.