తొక్కు డబ్బా

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు వెళ్లే బస్సు. ఒక సీట్లో నేను, నా ఒళ్లో కొరియర్ పార్సెల్, పక్కన ఒక పెద్దామె, ఆమె ఒళ్లో మామిడికాయ తొక్కు డబ్బా. డిప్లొమా చదివి పార్సెళ్లు మోయడం నామోషీగా ఉండి, ఆ సాయంత్రమే రాజీనామా ఇద్దామనుకున్నాను.

"అండ్ల ఏమున్నది కొడుకా?" అని ఆమె అడిగింది.

"తెల్వదమ్మా. ఎవరిదో, భానూరు కంపెనీల ఇయ్యాలె."

"ఏందో తెల్వకుండనే పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవా!" అని నవ్వింది. "అయితే ఇది గూడ పట్టు. భానూరుల నా బిడ్డకియ్యి. నాకు పొలంకాడ నాట్లున్నయి."

కూతురి ఇంటి గుర్తులు చెప్పి, నా పేరైనా అడగకుండా కందిలో దిగి, తిరుగు బస్సు కోసం రోడ్డు దాటింది.

డబ్బా ఆ పూటే అందించాను. సాయంత్రం రాజీనామా ఇవ్వలేదు. ఈ పనిలో ఇప్పటికి తొమ్మిదేళ్లయింది.