గొట్టం కొరికి ఊపిరి పీల్చేవాడు

తోటపల్లి గూడూరు దగ్గర మా అక్కకు రొయ్యల గుంట ఉంది. గట్టు మీద రేకుల షెడ్డులో లాప్‌టాప్ పెట్టుకుని సముద్రగ్రహం ఆట ఆడడంలో ఆమెను మించినవాళ్ళు భూమ్మీదే కాదు, ఆ గ్రహం మీద కూడా లేరు. ఆ ఆటలో హీరో వేలెడంత గొట్టం పళ్ళ మధ్య కొరికిపట్టుకుంటే చాలు, అది నీళ్ళలోంచే ప్రాణవాయువు లాగి ఇస్తుంది.

"పచ్చి అబద్ధం అక్కా. నీళ్ళలో ఉండే గాలి చిటికెడు. ఊరికే కూర్చున్నోడికే నిమిషానికి నాలుగైదు బిందెల నీళ్ళు వడగట్టాల," అన్నాను, ముసురు పట్టిన ఆ ఉదయం.

"రొయ్య పీల్చడంలా?"

"రొయ్యకు నా అంత బొజ్జ లేదు గదా."

అక్క నవ్వబోయింది. అంతలో గుంటలో నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్ల చక్రాల చప్పుడు ఆగిపోయింది. కరెంటు పోయింది.

ఆ నిశ్శబ్దం నా పెళ్ళినాటి బ్యాండుమేళం కన్నా గట్టిగా వినపడింది. రాత్రంతా రొయ్యలు పీల్చేసిన నీళ్ళు. పైన ఎండ లేదు, ఎండ లేందే నీళ్ళలోని నాచు గాలి వదలదు. చక్రాలు తిరిగి నీళ్ళను చిలక్కపోతే పంటంతా చచ్చి తేలుతుంది. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది. అప్పటికే గట్టు వారన రొయ్యలు పైకొచ్చి మీసాలు ఆడిస్తున్నాయి.

"చూస్తా ఉండావేందిరా, దిగు," అంది అక్క.

చెక్క పట్టుకుని నడుములోతు నీళ్ళలో దిగి బాదడం మొదలుపెట్టాను. ఆ బాదుడుకు బంగాళాఖాతంలో ఓడలు ఊగి ఉండాలి. రొయ్యలు మాత్రం చెక్క పడిన చోట మునిగి, పక్కన తేలాయి. కాసేపటికి నాకే ఊపిరి అందలేదు, చుట్టూ ఆకాశమంత గాలి ఉండి కూడా.

గట్టు మీద అక్క జనరేటర్ డీజిల్ పైపు నట్టు వదులు చేసింది. బుడగలు బుడగలుగా గాలి వచ్చింది; పైపులో గాలి చేరితే ఇంజను అందుకోదు.

"కావాల్సిన నీళ్ళలో లేదు, అక్కర్లేని పైపులో చేరింది," అని పళ్ళు కొరుకుతూ పక్కనున్న చిన్న పంపు మీటను బొటనవేలితో నొక్కుతూ పోయింది. బుడగలు ఆగి వట్టి డీజిల్ కారింది. నట్టు బిగించి తాళం తిప్పింది. దగ్గు. మళ్ళీ దగ్గు. మూడోసారి ఇంజను అందుకుంది.

చక్రాలు తిరిగాయి గానీ, వెంటనే ఏమీ మారలేదు. నేనూ గట్టెక్కి అక్క పక్కన నిలబడి ఆ మీసాల వంకే చూశాను. చాలాసేపటికి మీసాలు ఒక్కొక్కటే లోపలికి దిగాయి. చచ్చి తేలినవాటిని అక్క బుట్టలోకి తీసింది. బుట్ట సగం కూడా నిండలేదు. మిగతా పంట బతికింది.

సాయంత్రం ఆట మళ్ళీ తెరిచింది. హీరో లోతులో ఉన్నాడు, నోట్లో అదే గొట్టం.

"దీనికి మోటారేదిరా?"

"లేదక్కా."

"డీజిలు?"

"అదీ లేదు."

అక్క వాణ్ణి నీళ్ళ పైకి తీసుకొచ్చి, గాలి పీల్చుకోనిచ్చింది.