కస్తూరి అక్క తెర మీది అక్షరాలు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మడానికి నా ఉద్యోగం ఒప్పుకోదు కూడా. తొంభైల్లో నేను చెన్నైలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. ఆయుధ పూజ అయిన మర్నాటి నుంచి మాకు చేతినిండా పని. ఫ్లాపీ పెట్టే సందులో గంధం, కీబోర్డు నిండా కుంకుమ, మానిటర్ మీద విభూతి పట్టెలు. అవన్నీ తుడుస్తూ, మిషన్లకు పూజలేమిట్రా బాబూ అని పళ్ళు నూరుకునేవాణ్ణి. చెడిపోయిన ప్రతి వస్తువుకూ ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, అంతే. ఇదే మాట ఇప్పటికీ అంటాను. కాకపోతే తొండియార్‌పేటలోని ఒక కంప్యూటర్ గుర్తొస్తే గొంతు కాస్త తగ్గుతుంది.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మాది పెరంబూరు. ముత్తాతల నాడే మద్రాసు చేరిన తెలుగు కుటుంబం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, మోపెడ్ మీద ఉత్తర చెన్నై అంతా తిరుగుతుండేవాణ్ణి. తొండియార్‌పేటలో ఒక కార్ఖానా ఉండేది. పేరు ఎందుకులెండి. అక్కడ పనివాళ్ళ హాజరు ఎక్కించే గదిలో ఒకే ఒక కంప్యూటర్, పద్నాలుగంగుళాల మానిటర్. దాన్ని చూసుకోవడం మా కంపెనీ పని.

వాళ్ళ హెడ్డాఫీసు కొత్త హాజరు ప్రోగ్రాం పంపింది. దాంతో చిక్కొచ్చింది. కంప్యూటర్ తెర మీద ఎన్ని చుక్కలుండాలో మనమే పెట్టుకోవచ్చు. చుక్కలు తక్కువైతే అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, తెర మీద కొంచెమే పడుతుంది. ఎక్కువైతే అక్షరాలు చిన్నవవుతాయి, చాలా పడుతుంది. ఆ కంప్యూటర్ మొదట్నుంచీ ఆరువందల నలభై, నాలుగువందల ఎనభైలో ఉండేది. కొత్త ప్రోగ్రాంకు ఎనిమిది వందలు, ఆరువందలు కావాలి. లేకపోతే సేవ్ బటన్‌తో సహా కింది వరసంతా తెర దాటి మాయమైపోతుంది.

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఒక చిన్న మీటను మౌసుతో కుడివైపుకు జరిపితే అయిపోయే పని. జరిపి వచ్చాను. మర్నాడు ఫోను. అక్షరాలు మళ్ళీ పెద్దవైపోయాయి, బటన్లు కనబడ్డం లేదు. వెళ్ళి మార్చాను. రెండు రోజులకు మళ్ళీ ఫోను. మూడు వారాల్లో ఏడుసార్లు తిరిగాను. ఎండలో మోపెడ్ మీద పోయి రెండు నిమిషాల పని చేసి రావడమంటే ఒళ్ళు మండిపోయేది.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది కస్తూరి అక్క. నలభై ఏళ్ళుంటాయి. అంతకుముందు అదే కుర్చీలో ఆమె భర్త పనిచేసేవాడట. ఆయన్ని నేను చూడలేదు. గుండెపోటుతో పోయాడు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి పని ఇవ్వడం ఆ కార్ఖానాలో ఆనవాయితీ. అలా ఆమె వచ్చింది. కానీ ఆరు నెలలు చూస్తారు. పని రాలేదనుకుంటే ఇంటికి పంపేస్తారు. ఆరో నెల నడుస్తోంది.

మేనేజరు తమిళాయన. చెడ్డవాడు కాదు, ఓపిక లేనివాడు. ఆమె కొత్త ప్రోగ్రాం నేర్చుకోలేక తెరను మార్చేస్తోందని ఆయన అనుమానం. మిషన్‌లో లోపం లేదని సర్వీసు రిపోర్టులో రాసివ్వమని నన్నడిగాడు. ఆ కాగితం ఒక్కటి చాలు ఆమెను పంపించడానికి. నిజం చెప్పాలంటే, రాసివ్వడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. నాకూ ఆమె మీదే అనుమానం. ఒకరోజు మొహం మీదే అడిగేశాను.

"ఈడ నేనేమీ ముట్టలేదు తంబీ," అంది ఆమె. "ఆ మౌసు పట్టుకోవాలంటేనే నాకు చెయ్యి వణకతాది. నేనెట్ట మారుస్తా చెప్పు?"

నాకు నమ్మకం కలగలేదు. పట్టుకుందామని ఒక పూటంతా ఆ గదిలోనే వేరే పనున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. అప్పుడు చూశాను. ఆమె ముక్కు మానిటర్ అద్దానికి ఆనుతోంది. ఒక్కో పేరు కింద వేలు పెట్టి, కళ్ళు చికిలించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. నేను ఎనిమిది వందలకు మార్చిన ప్రతిసారీ ఆమెకు ఆ అక్షరాలు చీమలైపోతున్నాయి. ఏడుసార్లు వచ్చాను, ఒక్కసారీ ఆమె ఎలా చదువుతోందో చూడలేదు. సిగ్గేసింది.

కళ్ళజోడు ఎందుకు పెట్టుకోలేదని మెల్లగా అడిగాను. ముందు మాట దాటేసింది. తర్వాత తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"పనిలో చేరేటప్పుడు కండ్ల పరీక్ష పెట్టినారు గదా. నా ముందర నిలబడినాయన బోర్డు చదవతా ఉంటే విని, వరసగా మనసులో పెట్టేసుకున్నా. నాకు కనబడింది పైనుండే పెద్దక్షరం ఒకటే. ఇప్పుడు అద్దాలేసుకోని వస్తే ఆ పొద్దు అబద్ధం చెప్పినానని తెలిసిపోదా? ఈ పని పోతే నాకు ఇంకో దారి లేదు తంబీ."

ఆమె చూపు సంగతి ఎవరికి తెలుసని అడిగితే, మా ఆయనొక్కడికే తెలుసు అంది. "స్టాపులో బస్సు నంబరు కూడా ఆయనే చెప్తా ఉండె."

ఆ రోజు నుంచి నేను ఆమె పక్షం. ఆమె మార్చడం లేదని రుజువు చేయాలనుకున్నాను. ఒక్కొక్క కారణమే కొట్టేసుకుంటూ పోయాను. వైరస్ లేదు. లోపలి బ్యాటరీ బాగుంది. మానిటర్ కేబుల్ మార్చాను. డిస్‌ప్లే కార్డు డ్రైవర్, అంటే తెరను నడిపే ప్రోగ్రాం, తీసేసి కొత్తగా వేశాను. అసలు డ్రైవర్ దెబ్బతిని తెర వెనక్కి పోతే రంగులు కూడా పోతాయి, పదహారు రంగులే మిగిలి బొమ్మంతా వెలిసిపోతుంది. ఇక్కడ రంగులు అలాగే ఉన్నాయి. అంటే కంప్యూటర్ బెదిరి వెనక్కి పోలేదు. ఎవరో ఆ మీటను మాత్రమే జరిపి, సరే అని నొక్కి వెళుతున్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం మేనేజరు ఎదురుగా తెరను ఎనిమిది వందలకు పెట్టి, కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, ప్లగ్గు మీద కాగితం అంటించి సంతకం చేశాను. మౌసు, కీబోర్డు రెండూ ఊడదీసి నా సంచిలో వేసుకున్నాను. మేనేజరు గదికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. ఆదివారం కార్ఖానాకు సెలవు.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి ముగ్గురం కలిసే తలుపు తీశాం. నా సంతకం చిరగలేదు. కీబోర్డు తగిలించి ప్లగ్గు పెట్టాను. కంప్యూటర్ లేచింది. పెద్ద అక్షరాలు, నిండు రంగులు.

మేనేజరు నా వంక అదోలా చూశాడు. ఇప్పుడు అనుమానం నా మీదికి మళ్ళింది. శుక్రవారం తనే పక్కన కూర్చుని ఆమె పని చూస్తానన్నాడు. ఆ రోజు తెర హెడ్డాఫీసు చెప్పినట్టే ఉండాలి, నేనూ ఉండాలి, రిపోర్టు అక్కడికక్కడే రాయాలి.

ఆ వారమంతా సాయంత్రాలు వెళ్ళి మౌసు అవసరం లేకుండా కీబోర్డుతోనే పని నడపడం ఆమెకు నేర్పాను. ఆల్ట్ పట్టుకుని ఎస్ నొక్కితే చాలు, బటన్ కనబడకపోయినా సేవ్ అవుతుంది. ఒక్కసారి చెబితే పట్టేసేది. కండ్ల పరీక్ష బోర్డును విని నేర్చుకున్న మనిషికి ఇదొక లెక్కా!

శుక్రవారం పదకొండు గంటలకు తెరను ఎనిమిది వందలకు పెట్టాను. మౌసు పీకి సంచిలో వేసుకున్నాను, ఆమె ముట్టిందని ఎవరూ అనకుండా. ఆమె కుర్చీలో, మేనేజరు ఆమె కుడిపక్క, నేను వెనక. ముక్కు అద్దానికి ఆనిస్తే సంగతి బయటపడుతుందని ఆమె నిటారుగా కూర్చుంది. మొదటి రెండు పేర్లు ఊహించి లాగించింది. మూడోదాంట్లో మూడంకెను ఎనిమిదిగా కొట్టింది. నాలుగోది ఇంకొకరి వరసలో పడింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఆమె రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టేసుకుంది. వెనక నుంచి ఆమె మెడ నరాలు కనిపిస్తున్నాయి. అయిపోయింది, పాపం, అనుకున్నాను.

మానిటర్ లోపల టక్‌మంది. తెర నల్లబడి మళ్ళీ వచ్చింది.

పేర్లన్నీ పెద్దవిగా ఉన్నాయి. వాటి మధ్యలో ఒక పెట్టె. తెర మార్చినప్పుడల్లా కంప్యూటర్ అడిగే మామూలు ప్రశ్న అది. ఇలాగే ఉంచనా, వద్దా? పదిహేను సెకన్లలోపు ఎవరూ అవునని చెప్పకపోతే పాత పద్ధతికే పోతుంది.

మేనేజరు చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. మౌసు నా సంచిలో ఉంది, సంచి నా భుజాన ఉంది. ఇవి నేను ఇప్పుడు కల్పించుకుంటున్నవి కావు, ఆ క్షణంలోనే ఒక్కొక్కటీ చూసుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకు జవాబు కూడా దానంతట అదే పడిపోయేది. ఆ రోజు పడలేదు. పెట్టె అలాగే నిలబడి ఉంది. నాకు భయం వేయలేదు. ఎవరో నన్ను సాయం అడిగినట్టనిపించింది, అంతే.

ఆమె భుజం మీదుగా వంగి కీబోర్డు మీద అవునని నొక్కాను.

"ఎన్నప్పా ఇదు?" అన్నాడు మేనేజరు, ఇదేమిటయ్యా అని.

ఈ మానిటర్ పాతది సార్, దీనికి చిన్న అక్షరాలు పడవు, ఇలాగే ఉంచాలి అని తమిళంలో చెప్పాను. శుద్ధ అబద్ధం. అదే రిపోర్టులోనూ రాసి సంతకం పెట్టాను. నా సర్వీసులో తెలిసి రాసిన తప్పుడు రిపోర్టు అదొక్కటే. ఆమె మొదటి నాలుగు పేర్లూ దిద్దుకుని, మిగిలిన షిఫ్టంతా ఒక్క తప్పు లేకుండా కొట్టేసింది. ప్రతిదానికీ ఆల్ట్, ఎస్. మేనేజరు లేచి, పరవాలేదు, బాగానే చేస్తోంది అని వెళ్ళిపోయాడు. అప్పుడు ఏడ్చింది.

పని ఖాయమయ్యాక నేనే వెంటపడి ఆమెకు కళ్ళజోడు తెప్పించాను. వయసుతో వచ్చిన చూపుదోషమే అనుకుని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆమె జోడు పెట్టుకుని వచ్చిన రోజు తెరను మళ్ళీ ఎనిమిది వందలకు మార్చాను. ఫోను వస్తుందని మర్నాడు ఎదురుచూశాను. రాలేదు. ఆ వారమూ రాలేదు, ఆ నెలా రాలేదు. ఆ తెర ఇంకెప్పుడూ దానంతట అది మారలేదు. ఉండబట్టలేక ఒకసారి మొత్తం విప్పి ప్రతి ముక్కా వేరే కంప్యూటర్‌లో పెట్టి చూశాను. ఏ లోపమూ దొరకలేదు.

రెండు నెలల తర్వాత మామూలు చెకింగ్‌కు వెళితే కస్తూరి అక్క కళ్ళజోడు లేకుండా కూర్చుని ఉంది. ముక్కు అద్దానికి ఆనించి పనిచేస్తోంది. జోడు విరిగిందేమో అనుకున్నాను.

"ఇంట్లోనే పెట్టి వస్తా ఉండా తంబీ, నాలుగు దినాలుగా," అంది. "ఆయన మళ్ళీ పెద్దవి చేస్తాడేమో అని."

ఆమె టీ తేవడానికి లేచింది. ఎంతసేపు, మీటను కాస్త ఎడమకు జరిపితే చాలు. తిరిగి వచ్చి చూసుకుంటే ఎంత సంతోషిస్తుంది అనిపించింది. మౌసు మీద చెయ్యి వేశాను.

ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయి నన్ను చూస్తోంది.

"నువ్వు మార్చబాక తంబీ," అంది. కోపం లేదు ఆ మాటలో. "నువ్వు మారిస్తే నాకు తెలిసిపోతాది."

చెయ్యి తీసేశాను. ఆ మార్పులు ఎలా జరిగాయో, ఎందుకు ఆగిపోయాయో నేను ఈనాటికీ చెప్పలేను. మర్నాటి నుంచి ఆమె కళ్ళజోడు పెట్టుకునే పనికి వచ్చేది.